మందగించిన పెద్దపేగు: మలబద్ధకం చికిత్సల మీద పరిశోధనలు ఏం తేల్చాయి

మలబద్ధకం గురించి మాట్లాడడానికి మన ఇళ్ళలో ఇప్పటికీ మొహమాటమే. "మూడు రోజులైంది, సాఫీగా అవ్వలేదు" అని ఆడవాళ్ళు ఆడవాళ్ళతో చెప్పుకుంటారు. మగవాళ్ళు మందుల షాపులో గొంతు తగ్గించి అడుగుతారు. వినేవాళ్ళ సలహా మాత్రం మారదు. ఈసబ్‌గోల్ పొట్టు, త్రిఫల చూర్ణం, పొద్దున్నే చెంబుడు నీళ్ళు, రాత్రి ఓ అరటిపండు. ఎక్కువమందికి వీటితోనే సర్దుకుంటుంది. సర్దుకోనివాళ్ళూ కొందరుంటారు. వాళ్ళకి వారానికి ఒకసారి అవడమే గగనం. పీచు ఎక్కువ తింటే తగ్గకపోగా కడుపు ఇంకా ఉబ్బుతుంది. "ఆకుకూర ముట్టవు, నీళ్ళు తాగవు, అవ్వమంటే ఎలా అవుతుంది" అని ఇంట్లో మాటలు పడేదీ వాళ్ళే. వీళ్ళలో కొందరి లోపం తిండిలో లేదు, పెద్దపేగు నడకలో ఉంది. డాక్టర్లు దీన్ని స్లో ట్రాన్సిట్ కాన్‌స్టిపేషన్ అంటారు. ఈ వ్యాసంలో మందగమన మలబద్ధకం అని రాస్తున్నాం.

యానాంలో ఉన్నవాళ్ళూ, పుదుచ్చేరిలో తరాలుగా స్థిరపడ్డ మనవాళ్ళూ ఆసుపత్రి కాగితాలు చదివి చెప్పమని మా సంఘానికి వస్తుంటారు. వాళ్ళు అడిగేవాటిలో ఇదీ ఒకటి. అందుకని ఈ జబ్బు చికిత్సల మీద జరిగిన పరిశోధనల్లో నిలబడినవేవో, నిలబడనివేవో ఒకచోట పెడుతున్నాం. మేము వైద్యులం కాము. మందు మొదలుపెట్టడమైనా మానడమైనా మీ డాక్టరుగారితో మాట్లాడాకే.

పేగులో జరిగేది

తిన్నది కొన్ని గంటల్లో చిన్నపేగు దాటి పెద్దపేగులోకి వస్తుంది. అక్కడ తీరిగ్గా ఒకటి రెండు రోజులుంటుంది. నీరు ఇంకి మలం గట్టిపడేది అక్కడే. పెద్దపేగు కండరాలు రోజులో కొన్నిసార్లు పెద్ద అలలా ముడుచుకుని లోపలున్నదాన్ని ముందుకు తోస్తాయి. నిద్ర లేచినప్పుడు, భోజనం చేశాక ఈ అలలు ఎక్కువ. మందగమనం ఉన్నవాళ్ళలో ఈ పెద్ద అలలు తక్కువగా వస్తాయి, వచ్చినా బలం చాలదు. మలం అక్కడే ఉండిపోయి రాయిలా తయారవుతుంది. కండరాల కదలికకి తాళం వేసే కణాలు కొన్ని పేగు గోడల్లో ఉంటాయి. స్పెయిన్ శాస్త్రవేత్త రామన్ ఇ కహాల్ పేరు మీద వాటిని కహాల్ కణాలంటారు. ఈ జబ్బుకి ఆపరేషన్ చేసి తీసిన పేగుల్ని పరీక్షిస్తే, ఆ కణాలు మామూలు కంటే బాగా తగ్గిపోయి కనిపించాయి. అంటే ఇది మనసు బెంగ వల్ల వచ్చిందనో, ఒళ్ళు వంచక వచ్చిందనో తేలిగ్గా తీసిపారేసే విషయం కాదు.

దీనికి ఒక ప్రత్యేకమైన జబ్బుగా రూపం ఇచ్చింది లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి వైద్యులు ప్రెస్టన్, లెనార్డ్ జోన్స్. 1986లో వాళ్ళు 64 మంది రోగుల వివరాలు ప్రచురించారు. 64 మందీ స్త్రీలే. ఎక్స్‌రేలో పేగు వెడల్పు మామూలుగానే ఉంది, నడక మాత్రం లేదు. ఇప్పటికీ ఈ జబ్బుతో వచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ.

మలబద్ధకం అంతా ఒకటి కాదు

పరిశోధనలన్నిటిలోనూ మన పాఠకులు గుర్తుంచుకోవలసినది ఇదేనని మా అభిప్రాయం. దీర్ఘకాలిక మలబద్ధకం మూడు రకాలు. ఒకటి, పేగు నడక బాగానే ఉన్నా కష్టంగా అవడం. రెండు, పైన చెప్పిన మందగమనం. మూడు, మలం కిందిదాకా వచ్చినా ఆఖర్న వదలవలసిన కండరాలు వదలకుండా బిగుసుకోవడం. ఇందులో ముక్కడం ఎక్కువ, ఇంకా మిగిలిపోయిందన్న భావన ఎక్కువ. కొందరిలో రెండోదీ మూడోదీ కలిసే ఉంటాయి. బయటికి మూడూ ఒకేలా కనిపిస్తాయి. మందు మాత్రం ఒకటి కాదు.

1997లో జర్మనీ వైద్యులు 149 మంది దీర్ఘకాలిక మలబద్ధక రోగులకి కనీసం ఆరు వారాలు ఈసబ్‌గోల్ జాతి గింజల పీచు ఇచ్చి చూశారు. పరీక్షల్లో ఏ లోపమూ కనపడనివాళ్ళలో 85 శాతం మందికి గుణం కనిపించింది. మందగమనం ఉన్నవాళ్ళలో 80 శాతం మందికి ఏమీ కనిపించలేదు. అదే పొట్టు, అదే మోతాదు. ఒకరికి అమృతం, ఇంకొకరికి కడుపుబ్బరం. ఆర్నెల్లుగా ఈసబ్‌గోల్ తింటున్నా తగ్గలేదని చెప్పే మనిషికి ఇంకో చెంచా పెంచమనడం ఎందుకు పనికిరాదో ఈ లెక్కే చెబుతోంది.

ఇటలీ వైద్యులు 2005లో ఇంకో సంగతి తేల్చారు. బయోఫీడ్‌బ్యాక్ అని ఒక శిక్షణ ఉంది. చిన్న పరికరం సాయంతో, తెర మీద చూసుకుంటూ, కింది కండరాల్ని ఎప్పుడు బిగించాలో ఎప్పుడు వదలాలో నేర్పుతారు. 52 మందికి నేర్పారు. కండరాలు వదలని రకం వాళ్ళలో 71 శాతం మందికి మేలు జరిగింది. కేవలం మందగమనం ఉన్నవాళ్ళలో 8 శాతం మందికే. ఏ రకమో తేల్చకుండా ఏ చికిత్స మొదలుపెట్టినా చీకట్లో రాయి విసిరినట్టే అవుతుంది.

ఎలా తేలుస్తారు

ముందు మీరు వేసుకునే మాత్రలన్నీ డాక్టరుగారికి చూపించాలి. ఐరన్, కాల్షియం మాత్రలు, గుండెకీ బీపీకీ వాడే వెరపమిల్, నొప్పులకి వాడే ట్రమడాల్, కొడీన్ ఉన్న దగ్గు మందు, అమిట్రిప్టిలిన్, కొన్ని ఎసిడిటీ మందులు, ఇవన్నీ పేగుని కట్టేస్తాయి. థైరాయిడ్ తక్కువైనా, షుగరు ముదిరినా, పార్కిన్సన్స్ ఉన్నా మలబద్ధకం వస్తుంది. మలంలో నెత్తురు పడడం, బరువు తగ్గడం, రక్తహీనత, యాభై దాటాక కొత్తగా మొదలవడం, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉండడం, ఇలాంటివి ఉంటే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు కొలనోస్కోపీ. కడుపు ఉబ్బి వాంతులవుతూ గాలి కూడా పోకపోతే అది మలబద్ధకం అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి.

తర్వాత, కింది కండరాల సంగతి చూస్తారు. 50 మిల్లీలీటర్ల నీళ్ళు నింపిన చిన్న బెలూన్‌ని బయటికి పంపమంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి నిమిషం, రెండు నిమిషాల పని. లోపలి ఒత్తిడిని కొలిచే మానోమెట్రీ అనే పరీక్ష హైదరాబాదు లాంటి పెద్ద ఊళ్ళలో చేస్తారు.

పేగు నడక కొలిచే పద్ధతి మాత్రం ముచ్చటైనది. ఎక్స్‌రేలో కనపడే చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కల్ని గొట్టంమాత్రలో పెట్టి మింగిస్తారు. కొన్నాళ్ళకి ఎక్స్‌రే తీసి, లోపల ఎన్ని మిగిలాయో, ఎక్కడ ఆగాయో లెక్కపెడతారు. స్టాకు రిజిస్టరు సరిచూసినట్టే. 1969లో ఇంగ్లండులో మొదలైన ఈ పద్ధతిలో మామూలు మనిషి అయిదో రోజుకి నూటికి 80 ముక్కలు బయటికి పంపేస్తాడు. అయిదో రోజు ఎక్స్‌రేలో అయిదో వంతు కంటే ఎక్కువ మిగిలితే మందగమనం అన్నమాట.

అయితే ఆ లెక్క తెల్లవాళ్ళ పేగులకి సరిపోయినది. మనవాళ్ళ పేగు మొదటినుంచీ చురుకు. 1975లో టాండన్ అనే వైద్యులిద్దరు ఉత్తర భారతీయుల మలం తూచి, రోజుకి సగటున 311 గ్రాములని లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. పాశ్చాత్య దేశాల్లో సాధారణంగా తేలే బరువుకి ఇది రెండింతల పైమాటే. అంత చురుగ్గా నడిచే పేగు కాస్త మందగించినా, అయిదో రోజుకి ముక్కలన్నీ పోయి ఉంటాయి. ఎక్స్‌రే ఖాళీగా ఉంటుంది, "మీకేం లేదమ్మా" అని పంపేస్తారు. ఈ ఇబ్బంది గుర్తించి లక్నోలోని సంజయ్ గాంధీ పీజీఐలో ఉదయ్ ఘోషాల్ బృందం 2007లో మన జనానికి తగ్గ కొలత తయారుచేసింది. పన్నెండేసి గంటల తేడాతో మూడుసార్లు ఇరవయ్యేసి ముక్కలు మింగించి, 36 గంటలకి ఒకటి, 60 గంటలకి ఒకటి ఎక్స్‌రే తీస్తారు. చూడ్డానికి చిన్న మార్పు. కానీ మన రోగుల్ని మన కొలతతో కొలవడం అక్కడ మొదలైంది. ఈ పరీక్ష రాయించుకుంటే, ఎక్స్‌రే ఎన్ని గంటలకి తీస్తారని అడగడంలో తప్పు లేదు.

మనది గోధుమ రొట్టె దేశం కాదు, పాలిష్ పట్టిన బియ్యం దేశం. పీచు తక్కువ తినే గోదావరి తీరం వాళ్ళ మీద ప్రత్యేకంగా ఇలాంటి కొలత ఎవరైనా చేస్తే బావుండునని మాకనిపిస్తుంది. కాకినాడ రంగరాయ వైద్య కళాశాల మనకి ముప్పై కిలోమీటర్ల దూరంలోనే ఉంది.

మందులు

సునాముఖి ఆకు, దాని మాత్రలు, బిసకోడిల్ మాత్రలు వాడితే పేగు అలవాటు పడిపోయి చచ్చుబడుతుందని మన పెద్దల భయం. డాక్టర్లలో కూడా కొందరు అలాగే చెబుతారు. ఇప్పుడు వాడే మోతాదుల్లో అలా జరుగుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. ఇంగ్లండులో 368 మంది మీద నాలుగు వారాలు చేసి 2011లో ప్రచురించిన పరిశోధనలో, బిసకోడిల్ వాడినవాళ్ళకి సంతృప్తిగా విరేచనం అయిన సార్లు వారానికి 1.1 నుంచి 5.2కి పెరిగాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకి 1.9 మాత్రమే. నాలుగు వారాల ఫలితం నలభై ఏళ్ళ వాడకానికి హామీ కాదు. అలాగని ఆ మాత్ర వేసుకోవడం మహాపాపమూ కాదు. ఆముదం సంగతి వేరు. నెలకోసారి ఇంటిల్లిపాదికీ ఆముదం పట్టే రోజులు పోయాయి, మంచిదే.

పేగుని నేరుగా కదిలించే మందుల చరిత్రలో చేదు అనుభవం ఉంది. సిసాప్రైడ్ అనే మందు ఒకప్పుడు విరివిగా వాడారు. గుండె లయ తప్పిస్తోందని 2000లో అమెరికాలో అమ్మకం ఆపారు. టెగాసిరాడ్ అనే ఇంకో మందుని 2007లో అక్కడ వెనక్కి తీసుకున్నారు. మన దేశం రెండిటినీ 2011లో నిషేధించింది. అన్నేళ్ళు ఎందుకు పట్టిందని అడిగేవాళ్ళు అడగవచ్చు.

తర్వాత వచ్చినది ప్రుకలోప్రైడ్. పేగు నరాల మీద ఉండే ఒక గ్రాహకాన్నే గురిచూసి పనిచేసేలా చేసినది కాబట్టి, పాత మందుల గుండె సమస్య దీనికి కనిపించలేదు. 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం, 620 మందిలో 2 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్నవాళ్ళలో 30.9 శాతం మందికి వారానికి మూడుసార్లు, ఆపైన సంతృప్తిగా అయింది. ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో 12 శాతం. యూరప్ 2009లో, అమెరికా 2018లో అనుమతించాయి. మన దగ్గర కూడా పలు కంపెనీల పేర్లతో దొరుకుతోంది. వయసుమళ్ళినవాళ్ళకి 1 మిల్లీగ్రాముతో మొదలుపెడతారు. మొదటి రోజుల్లో తలనొప్పి, వికారం, కడుపునొప్పి మామూలు.

ఇక్కడ పాఠకులు రెండు గమనించాలి. ఆ 620 మందీ తీవ్రమైన మలబద్ధకం ఉన్నవాళ్ళు. మందగమనం ఉన్నవాళ్ళని మాత్రమే ఏరి చేర్చుకున్న పరిశోధన కాదది. మందుల పరిశోధనలు చాలావరకు ఇలాగే ఉంటాయి. రెండోది, 30.9 శాతం అంటే పదిమందిలో ఏడుగురికి ఆ మెట్టు అందలేదని. మందు పనిచేస్తుంది, అందరికీ కాదు. పాంప్లెట్‌లో మొదటి ముక్క ఒక్కటే అచ్చువేస్తారు.

లక్నో బృందమే ఇంకో దారి పట్టింది. కొందరి పేగుల్లోని సూక్ష్మజీవులు మీథేన్ వాయువు తయారుచేస్తాయి, ఆ వాయువు పేగు నడకని మందగింపజేస్తుంది. రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్‌తో ఆ మీథేన్ తగ్గించి చూస్తే నడక మెరుగుపడిందని 2018లో ప్రకటించారు. అది చాలా కొద్దిమంది మీద చేసిన తొలి ప్రయత్నం. దాన్ని చూసి ఎవరికి వారు యాంటీబయాటిక్ కొనుక్కోవడం తగదు.

మందు కానివి

చైనాలోని నాన్‌జింగ్‌లో 60 మంది మందగమన రోగుల మీద ఒక పరిశోధన జరిగింది. 30 మందికి మామూలు చికిత్స. 30 మందికి దానితోపాటు ఆరోగ్యవంతుల మలం నుంచి శుద్ధిచేసిన సూక్ష్మజీవుల్ని పేగులోకి ఎక్కించారు. వినడానికి రోతగా ఉన్నా 2017లో వచ్చిన ఫలితం కొట్టిపారేసేది కాదు. పన్నెండు వారాలకి ఎక్కించుకున్నవాళ్ళలో 36.7 శాతం, మిగతావాళ్ళలో 13.3 శాతం మంది బాగుపడ్డారు. అయితే ఎవరికి ఏది ఇస్తున్నారో రోగులకి తెలుసు. ఇబ్బందులు కూడా ఎక్కించుకున్నవాళ్ళలోనే చాలా ఎక్కువ.

అమెరికాలో సతీష్ రావు తదితరులు 312 మంది మీద పరీక్షించిన కంపించే గొట్టంమాత్ర ఇంకొకటి. మింగితే పెద్దపేగులోకి వెళ్ళి వణుకుతూ పేగుని తట్టి లేపుతుంది. వారానికి అదనంగా కనీసం ఒక్కసారైనా సంతృప్తిగా అయినవాళ్ళు 39.3 శాతం, వణకని మాత్ర మింగినవాళ్ళలో 22.1 శాతం. 2022లో అక్కడ అనుమతి వచ్చింది.

నడుము కింద నరానికి చిన్న యంత్రం అమర్చి కరెంటుతో ప్రేరేపించే చికిత్స మీద ఒకప్పుడు చాలా ఆశలుండేవి. ఆస్ట్రేలియా పరిశోధకులు యాభైమందికి పైగా మందగమన రోగులకి యంత్రం అమర్చి, కొన్నాళ్ళు ఆన్ చేసి, కొన్నాళ్ళు ఆన్ చేసినట్టు నటించి చూశారు. ఏది ఎప్పుడో రోగికీ తెలియదు, లెక్క రాసేవాళ్ళకీ తెలియదు. 2015లో తేలిందేమంటే రెండిటికీ తేడా లేదు. ఇంత ఖరీదైన యంత్రం పెట్టించుకోమని ఎవరైనా మీకు చెబితే ఈ సంగతి గుర్తుచేయండి.

ఆఖరిది ఆపరేషన్, పెద్దపేగంతా తీసి చిన్నపేగుని మలాశయానికి కలపడం. లండన్ సర్జన్ ఆర్బత్‌నాట్ లేన్ 1908 నాటికే మలబద్ధకానికి ఈ పని చేశాడు. మలం నిలవుంటే ఒళ్ళంతా విషం పాకుతుందని ఆయన నమ్మకం. ఆ సిద్ధాంతం నిలవలేదు, ఆపరేషన్ మాత్రం నిలిచింది. రెండు వేలమందికి పైగా రోగుల ఫలితాల్ని 2017లో ఒకచోట చేర్చి చూస్తే, దాదాపు 86 శాతం మంది తృప్తిగా ఉన్నామన్నారు. కానీ నాలుగో వంతు మందికి ఆపరేషన్ ఇబ్బందులు వచ్చాయి. తర్వాత పేగు అతుక్కుని మూసుకుపోవడం, నీళ్ళ విరేచనాలు, కడుపునొప్పి అలాగే ఉండిపోవడం ఉన్నాయి. ఈ లెక్కలు కూడా దాదాపు అన్నీ సర్జన్లు తమ రోగుల గురించి తాము రాసుకున్నవే. మందగమనం అని పరీక్షలో తేలి, కింది కండరాల లోపం లేదని తేలి, మందులన్నీ విఫలమైనవాళ్ళకే దీని గురించి ఆలోచిస్తారు. ఈ మూడిట్లో ఏ ఒక్కటి జరగకపోయినా ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవలసిందే.

పరిశోధనలో చేరమంటే

పెద్దాసుపత్రికి వెళ్తే "ఒక స్టడీ జరుగుతోంది, చేరతారా" అని అడగవచ్చు. మన దేశంలో ఇలాంటి పరిశోధనలు నమోదు చేయడానికి సీటీఆర్‌ఐ అనే రిజిస్ట్రీ 2007లో మొదలైంది. 2009 జూన్ నుంచి మందుల పరిశోధనలకి నమోదు తప్పనిసరి చేశారు. నమోదైన ప్రతిదానికీ సీటీఆర్‌ఐ అని మొదలై, ఏడాది, నెల, వరస సంఖ్య ఉన్న నంబరు ఉంటుంది. ఆ నంబరు అడిగి రాసుకోండి. నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. పరిశోధన దేనికో, ఎంతకాలమో, ఏం చేస్తారో, ఏ ప్రమాదం ఉందో, వేరే చికిత్స ఏముందో అందులో రాయాలి. ఉత్తుత్తి మాత్ర వచ్చే అవకాశం ఉంటే అదీ చెప్పాలి. చదువురానివాళ్ళయితే సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. సంతకం పెట్టాక ఒక ప్రతి మీకివ్వాలి. పరిశోధన వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, నష్టపరిహారం కూడా. ఎప్పుడు కావాలంటే అప్పుడు తప్పుకోవచ్చు. తప్పుకున్నందుకు మామూలు వైద్యం ఆపకూడదు.

ఈ భాష సంగతి మనకి చిన్నది కాదు. మనది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. పెద్దాసుపత్రి కావాలంటే జిప్మెర్, అదేమో ఎనిమిది వందల కిలోమీటర్ల పైన. అక్కడ చుట్టూ వినిపించేది తమిళం, చేతికొచ్చేది ఇంగ్లీషు. 1965 నాటి పుదుచ్చేరి అధికార భాషల చట్టంలోనే యానాంకి తెలుగు గుర్తింపు ఉంది. అయినా ఆసుపత్రి బల్ల దగ్గర అది ఎవరికీ గుర్తుండదు. దూరంలో ఒక ఆసుపత్రిలో మన సభ్యురాలు ఒకావిడ చేత నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం మీద, పక్క మంచం వాళ్ళ తమిళ అనువాదంతో సంతకం పెట్టించారు. ఆవిడ పెట్టేశారు. సంతకం అంటే ఏమిటో ఉద్యోగమంతా ఫైళ్ళ మధ్య గడిపిన మాకు తెలుసు. చదవకుండా పెట్టింది కూడా సంతకమే.

2024 ఫిబ్రవరి 25న యానాంలోనే జిప్మెర్ 90 పడకల మల్టీ స్పెషాలిటీ కన్సల్టింగ్ యూనిట్ ప్రారంభమైంది. అంత దూరం వెళ్ళేముందు అక్కడ ఏ రోజు ఏ డాక్టరుగారు చూస్తారో కనుక్కోండి. వెళ్ళేటప్పుడు రెండు వారాల లెక్క ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి: ఏ రోజు అయింది, గట్టిగానా మెత్తగానా, ముక్కవలసి వచ్చిందా, ఏ మాత్ర వేసుకున్నారు. డాక్టరుగారు అడిగే ప్రశ్నల్లో సగానికి అదే జవాబు. ఎవరైనా ఏదైనా సమ్మతి పత్రం ఇస్తే "ఇంటికి తీసుకెళ్ళి చదువుకుని వస్తాం, తెలుగు ప్రతి ఇవ్వండి" అని అడగండి. అది మీ హక్కు. ఇచ్చిన తెలుగు కూడా అర్థం కాకపోతే, అలా జరగడమూ మామూలే, సాయంత్రం పూట సంఘం కార్యాలయానికి తీసుకురండి. సంతకం పెట్టకముందే.